మిరియాలు, పసుపు, మందులకు లొంగని బ్యాక్టీరియా: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెసేజుల్లో సగానికి పైగా ఒకే సంగతి. మొక్కల్లోంచి తీసిన పదార్థాలు యాంటీబయాటిక్‌తో కలిపితే మొండి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుందని ఒక వీడియో వాట్సాప్‌లో తిరుగుతోందట, అది నిజమేనా అని. కొందరు ఇంట్లో ఇప్పటికే మొదలుపెట్టేశామని కూడా రాశారు, అది చదివి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. ఆస్పత్రి ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి కల్చర్ ప్లేట్లు చూసినదాన్ని కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే పెడుతున్నాను. మిగతా ప్రశ్నలకు వచ్చే నెల తప్పకుండా జవాబిస్తాను.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా నాన్నగారికి 64 ఏళ్ళు, పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. కాలి బొటనవేలి దగ్గర పుండు పడి రెండు నెలలైనా మానడం లేదు. చీము కల్చర్‌కి పంపితే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, అందులోనూ చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం అని వచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా ‘ఆర్’, అంటే రెసిస్టెంట్ (లొంగదు), అని ఉంది. మిరియాలు, పసుపు కలిపి సిప్రోతో పాటు ఇస్తే ఆ మందు మళ్ళీ పనిచేస్తుందని శాస్త్రవేత్తలే కనిపెట్టారని వీడియోలో చెప్పారు. ఇంట్లో పాత సిప్రో షీటు ఒకటి ఉంది. ఇవ్వమంటారా?
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇవ్వకండి బాబూ. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత తీరిగ్గా చెబుతాను. వీడియోలో ఉన్నది పూర్తిగా అబద్ధమైతే నా పని సులువయ్యేది. అందులో సగం నిజం ఉంది.

జమ్మూలో కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాల ఒకటుంది. అక్కడి శాస్త్రవేత్తలు మిరియాలకు ఘాటునిచ్చే పైపెరిన్ అనే పదార్థాన్ని సిప్రోతో కలిపి, మీ నాన్నగారి రిపోర్టులో ఉన్న ఈ స్టెఫైలోకాకస్ మీదే ప్రయోగించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఎంఆర్‌ఎస్‌ఏ మీద కూడా చూశారు. పైపెరిన్ తోడుంటే బ్యాక్టీరియాను ఆపడానికి కావలసిన సిప్రో మోతాదు బాగా తగ్గింది. మన దేశంలో జరిగిన మంచి పని అది, గర్వంగానే చెబుతాను.

ఎలా తగ్గిందో తెలిస్తే మిగతాదంతా తేలిక. చిల్లుపడ్డ పడవలో కూర్చుని పాత డబ్బాతో నీళ్ళు తోడిపోస్తున్న మనిషిని ఊహించుకోండి. నీళ్ళు వస్తూనే ఉంటాయి, అతను తోడుతూనే ఉంటాడు, పడవ మునగదు. ఈ బ్యాక్టీరియా పొరలో నార్‌ఏ అనే పంపు లాంటి ప్రోటీన్ అలాంటి పనే చేస్తుంది, లోపలికి చేరిన సిప్రోను చేరినట్టే బయటికి తోసేస్తుంది. పైపెరిన్ వెళ్ళి ఆ తోడే చెయ్యి పట్టుకుంటుంది. జమ్మూవాళ్ళు దీన్ని ఇథిడియం బ్రోమైడ్ అనే రంగుతో చూశారు. అది బ్యాక్టీరియా లోపలికి వెళ్ళి డీఎన్‌ఏకి అతుక్కుంటే వెలుగుతుంది, పంపు దాన్ని బయటికి తోసేస్తే వెలుగు తగ్గుతుంది. పైపెరిన్ ఉన్నచోట ఆ రంగు లోపల ఎక్కువగా పేరుకుంది, బయటికి పోవడం తగ్గింది.

ఇక మీ నాన్నగారి సంగతి. రిపోర్టులో ‘ఆర్’ అని ఉంటుంది కానీ ఎందువల్ల ‘ఆర్’ అయిందో ఉండదు. సిప్రో వెళ్ళి పట్టుకోవలసింది బ్యాక్టీరియాలోని గైరేజ్, టోపోఐసోమరేజ్ అనే రెండు ఎంజైముల్ని. ఆస్పత్రుల్లో కనిపించే ఎంఆర్‌ఎస్‌ఏలో చాలాసార్లు ఆ ఎంజైముల ఆకారమే మారిపోయి ఉంటుంది. అప్పుడు మందు లోపల నిండుగా ఉన్నా పట్టుకోడానికి చోటు దొరకదు, తోడే చెయ్యి కట్టేసినా లాభం ఉండదు.

మోతాదు సంగతి ఇంకొకటి. ల్యాబ్‌లో శుద్ధి చేసిన పైపెరిన్‌ని బ్యాక్టీరియా ఉన్న ద్రవంలో నేరుగా కలుపుతారు. మిరియాల్లో పైపెరిన్ సుమారు 5 నుంచి 9 శాతం ఉంటుంది. చారులో వేసిన మిరియాలు పేగు దాటి, కాలేయం దాటి, రక్తంలో కలిసి, షుగర్ వల్ల రక్తం సరిగ్గా పారని ఆ బొటనవేలి దాకా చేరేసరికి మిగిలేది ఆ ప్రయోగంలో వాడిన స్థాయి దరిదాపుల్లోకి రాదు. పసుపుకి ఈ కష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే అందులోని కర్క్యుమిన్ రక్తంలోకి వెళ్ళేదే అతి తక్కువ. మిరియాలతో కలిపితే 2000 శాతం ఎక్కువ ఒంటబడుతుందని డబ్బాల మీద అచ్చువేసి అమ్ముతుంటారు చూడండి, ఆ అంకె 1998లో బెంగళూరులో జరిగిన ఒక పరిశోధన నుంచి వచ్చింది, తప్పుడు అంకె కాదు. కానీ కర్క్యుమిన్ ఒక్కటే మింగినవారి రక్తంలో అది కనిపించీ కనిపించనట్టుగా ఉంది, దానికి ఇన్ని రెట్లు అని ఆ లెక్క. పుండులోని చీములో పనిచేయడానికి అది చాలదు.

అసలు నన్ను భయపెట్టింది మీ ఇంట్లో ఉన్న ఆ సిప్రో షీటు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి సిప్రో వల్ల షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు, పెద్దవయసువాళ్ళలో ఇది ప్రమాదం. పైపెరిన్ మోతాదు పెంచితే కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు నెమ్మదించి, వేసుకుంటున్న వేరే మాత్రల స్థాయి రక్తంలో పెరగొచ్చు. లొంగని బ్యాక్టీరియా మీద పనిచేయని మందు ఇస్తూ రోజులు గడిపితే పుండు ఎముక దాకా దిగుతుంది, ఆ తర్వాత వేలు తీసేయాలనే మాట వస్తుంది.

రిపోర్టు మళ్ళీ తీసి ‘ఎస్’, అంటే ఆ మందుకి లొంగుతుంది, అని ఉన్న వరుసలు చూడండి. ఎంఆర్‌ఎస్‌ఏకి ఇప్పటికీ పనిచేసే మందులు ఉన్నాయి, వాంకోమైసిన్, లినెజోలిడ్ లాంటివి, ఒక్కోసారి డాక్సీసైక్లిన్ కూడా. ఏది, ఎన్ని రోజులు అనేది పుండు చూసిన సర్జన్ చెప్పాలి. పుండులో చచ్చిన కండ తీయించడం, ఆ కాలి మీద బరువు పడకుండా చూడటం, షుగర్ అదుపులోకి తేవడం, ఈ మూడూ చేయకపోతే ఏ మందూ సరిగ్గా పనిచేయదు. పుండు మీద వంటింటి పసుపు చల్లకండి. మసాలా పొడుల్లో బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గింజల్లాంటి గట్టి రూపాలు, ఉంటాయి, అవి ఎండకు, వేడికి అంత తేలిగ్గా చావవు.

ప్రశ్న: నేను రిటైరైన సైన్స్ మాస్టర్ని. పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది, స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని బ్యాక్టీరియా నుంచి వచ్చింది. మా ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో వచ్చిన ఆరియోమైసిన్ కూడా అంతే. ఇన్ని వేల మొక్కలుండగా, మన ఆయుర్వేదమంతా మొక్కలే అయివుండగా, ఒక్క మొక్క నుంచి కూడా పెన్సిలిన్ లాంటిది ఎందుకు రాలేదు?
– భీమవరం

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. చాలాకాలం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను కూడా వేధించిన ప్రశ్న ఇది. మీరన్న ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించారు. అమెరికాలోని లెడర్లీ అనే మందుల సంస్థలో సుబ్బారావుగారు పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త దాన్ని కనిపెట్టారు. ఆ బ్యాక్టీరియా అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో దొరికింది. వెతికింది మొక్కల శాస్త్రం చదివిన మనిషి, దొరికింది మాత్రం మట్టిలో, విచిత్రం చూడండి.

మొక్కలకు పరుగెత్తి పారిపోవడం కుదరదు, మనలాంటి రోగనిరోధక కణాలూ వాటికి లేవు. అందుకని సూక్ష్మక్రిముల నుంచి కాపాడుకోడానికి రసాయనాలు తయారుచేసుకుంటాయి. ఆ రసాయనాలను విడివిడిగా తీసి పరీక్షిస్తే మాత్రం చాలావరకు నీరసంగా ఉంటాయి, పెన్సిలిన్ చేసే పనికి వందల రెట్లు ఎక్కువ మోతాదు కావలసివస్తుంది. మరి ఇంత నీరసమైన ఆయుధంతో అవి ఎలా బతుకుతున్నాయి?

2000 సంవత్సరంలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్, వారితో పనిచేసినవారు అమెరికాలో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ ప్రింటవుట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, అంచులు నలిగిపోయింది. వాళ్ళు చూసింది బెర్బెరిస్ జాతి పొదలను, మన ఆయుర్వేదంలో దారుహరిద్ర అనే మొక్క బంధువులన్నమాట. వాటి చెక్క పసుపుపచ్చగా ఉండటానికి కారణం బెర్బెరిన్. అది బ్యాక్టీరియాని చంపగలదు, కానీ నార్‌ఏ పంపు దాన్ని కూడా బయటికి తోసేస్తుంది, అందుకే ఒంటరిగా నీరసం. అదే మొక్క ఆకుల్లో వాళ్ళకి ఇంకో పదార్థం దొరికింది, పేరు కొంచెం పొడుగు, మెథాక్సీహిడ్నోకార్పిన్. అది ఒక్కటీ వేస్తే బ్యాక్టీరియాకి ఏమీ కాదు. బెర్బెరిన్‌తో కలిపి వేస్తే పంపు ఆగిపోతుంది, బెర్బెరిన్ లోపలే పేరుకుంటుంది, బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది.

అంటే చంపే మందునీ, ఆ మందుని తోసేసే చేతిని పట్టుకునే పదార్థాన్నీ మొక్క తనే తయారుచేసుకుంటోంది. మనం ఇన్నాళ్ళూ ఆ పదార్థాలను ఒక్కొక్కటిగా వేరుచేసి, పరీక్షించి, ‘దీనికి శక్తి లేదు’ అని పక్కన పెట్టేశాం. మెథాక్సీహిడ్నోకార్పిన్‌ని అంతకుముందు కుష్ఠురోగానికి వాడిన చాల్‌మూగ్రా నూనె ఇచ్చే చెట్టులోనే గుర్తించి ఉన్నారు. దానికి ఇలాంటి పని కూడా ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

దీని తర్వాత ఇలాంటి పదార్థాల కోసం చాలామంది వెతికారు, దొరికాయి కూడా, ల్యాబ్‌లో. మన సర్పగంధిలోని రిసర్పిన్ నార్‌ఏని ఆపగలదని అంతకుముందే తెలుసు. ఆపాలంటే కావలసిన మోతాదు మాత్రం మనిషి బీపీ ప్రమాదకరంగా పడిపోయేంత ఎక్కువ. ఇప్పటివరకు బ్యాక్టీరియా పంపుని ఆపడానికంటూ ఆమోదం పొంది ఆస్పత్రుల్లోకి వచ్చిన మందు లేదు. పదార్థం బ్యాక్టీరియాను తాకే మోతాదులో మనిషిని తాకకూడదు, యాంటీబయాటిక్ ఎంతసేపు రక్తంలో ఉంటుందో ఇదీ అంతసేపు ఉండాలి, రెండూ పుండు ఉన్నచోటికే చేరాలి. ఈ మూడూ ఒకేసారి కుదరడం కష్టం.

కష్టమే కానీ అసాధ్యం కాదు, ఎందుకంటే మట్టి బ్యాక్టీరియా నుంచి వచ్చిన క్లావులానిక్ యాసిడ్ సరిగ్గా ఇలాంటి పనే చేసి చూపించింది. అమాక్సీసిలిన్‌ని బ్యాక్టీరియా తన ఎంజైముతో విరగ్గొట్టేస్తుంటే, ఈ యాసిడ్ వెళ్ళి ఆ ఎంజైముకి అతుక్కుని దాన్ని ఆపుతుంది. ఆ రెండూ కలిసిన మాత్ర 1981లో బ్రిటన్‌లో వచ్చింది, ఇప్పుడు మన మందుల షాపుల్లో అమాక్సీ‑క్లావ్ అని అడిగితే ఇచ్చేది అదే. మొక్కల నుంచి కూడా అలాంటిది వస్తుందని నేను ఆశపడుతున్నాను మాస్టారూ.

ప్రశ్న: నేను ఆస్పత్రిలో నర్సుని. టీబీకి మిరియాల సత్తు కలిపిన మాత్ర ప్రభుత్వమే ఆమోదించిందని మా పేషెంటు ఒకాయన చెప్పారు. అలాంటప్పుడు టీబీ మందులతో పాటు మిరియాలు, పసుపు క్యాప్సూళ్ళు వాడితే తప్పేముంది అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
– ఖమ్మం

జవాబు: ఆ పేషెంటు చెప్పింది నిజమేనమ్మా. రిసోరిన్ అనే మాత్ర ఉంది. 200 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్, 300 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్, 10 మిల్లీగ్రాముల పైపెరిన్. ఇందాక చెప్పిన జమ్మూ పరిశోధనశాల, కాడిలా ఫార్మాస్యూటికల్స్ కలిసి తెచ్చాయి. మామూలుగా 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ ఇచ్చేచోట 200తోనే రక్తంలో తగినంత మందు ఉంటుందని వాళ్ళ లెక్క.

దీని వెనక పెద్ద కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. అడ్డసరం ఆకు రసాన్ని పిప్పళ్ళ పొడితో కలిపి ఉబ్బసానికి ఇస్తే ఆకు గుణం పెరుగుతుందని 1929లోనే ఒక వైద్యుడు రాశారు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిపిన త్రికటు ఆయుర్వేదంలో ఇన్ని యోగాల్లో ఎందుకు కనిపిస్తుందని జమ్మూలో చంద్రకాంత్ అటల్ బృందం ఆలోచన మొదలుపెట్టింది. త్రికటు వేరే మందు ఒంటబట్టేలా చేస్తుందేమో అన్న ఆ అనుమానంతో ఏళ్ళ తరబడి పనిచేస్తే చివరికి ఈ మాత్ర దాకా వచ్చింది. పాత గ్రంథంలో ఉంది కాబట్టి సరే అని వాళ్ళు ఊరుకోలేదు, పాత గ్రంథం కాబట్టి చెత్త అని పక్కన పారేయలేదు. మిల్లీగ్రాముల్లో కొలిచారు, పేషెంట్ల రక్తం తీసి చూశారు.

మీ పేషెంటుకి చెప్పాల్సిన తేడా అక్కడే ఉంది. ఆ మాత్రలో పైపెరిన్ సరిగ్గా 10 మిల్లీగ్రాములు, అందుకు తగ్గట్టుగా రిఫాంపిసిన్ని తగ్గించారు. ఆయన వాడుతున్నది ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో బరువును బట్టి ఇచ్చే మాత్రలు, వాటిలో పైపెరిన్ ఉందనే లెక్క లేదు. పూర్తి మోతాదు మీద మళ్ళీ పైపెరిన్ క్యాప్సూల్ వేస్తే మందు స్థాయి ఎటు పోతుందో ఎవరూ కొలవరు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయం మీద భారం వేసే మందులే. దాని మీద పసుపు క్యాప్సూళ్ళు వద్దు. పసుపు క్యాప్సూళ్ళతో కాలేయం దెబ్బతిన్న పదిమంది గురించి అమెరికా డాక్టర్లు 2022లో రాశారు, కొందరు వాడినవాటిలో పైపెరిన్ కూడా ఉంది. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు. కూరలో పసుపు, చారులో మిరియాలు మామూలుగా తినమనండి, వాటితో భయం లేదు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించకపోయినా ఆ రోజే రమ్మనండి.

ఇంకొక్క మాట. మందులకు లొంగని టీబీకి ఇది విరుగుడు కాదు. టీబీ బ్యాక్టీరియాలో ఉండే ఒక పంపును పైపెరిన్ ఆపగలదని 2010లో జమ్మూవాళ్ళే ల్యాబ్‌లో చూపించారు. కానీ రిఫాంపిసిన్‌కి లొంగని టీబీలో చాలావరకు మార్పు ఆర్‌పీఓబీ అనే జీన్‌లో ఉంటుంది. అంటే మందు పట్టుకోవలసిన చోటే మారిపోయి ఉంటుంది. తెనాలి పాఠకుడికి చెప్పిన చిక్కే ఇక్కడా.

ప్రశ్న: యాంటీబయాటిక్ వేడి చేస్తుందని, మజ్జిగతో వేసుకోమని మా అత్తగారు చెబుతారు. పొద్దున రాగిజావ తాగాక వేసుకుంటే ఒంటికి మంచిదంటారు. అలాగే వేసుకుంటున్నాను, జ్వరం తగ్గట్లేదు.
– రాజమండ్రి

జవాబు: అమ్మా, ఏ మాత్రో మీరు రాయలేదు. సిప్రో అయినా, డాక్సీసైక్లిన్ అయినా మజ్జిగ, పాలు, రాగిజావలో ఉన్న కాల్షియం మందుని పట్టేసుకుంటుంది, అది పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళాల్సినంత వెళ్ళదు. ఐరన్ మాత్ర, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ సిరప్ కూడా ఇలాగే చేస్తాయి. సిప్రో అయితే కాల్షియం ఉన్నవాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా, మంచినీళ్ళతో వేసుకోండి. అమాక్సీసిలిన్‌కి ఈ ఇబ్బంది లేదు. మజ్జిగ మానేయక్కర్లేదు, మధ్యాహ్నం అన్నంలో శుభ్రంగా తినండి, అత్తగారికి కూడా సంగతి ఇలా అని చెప్పండి. జ్వరం మాత్రం మూడు రోజులు దాటితే ఆ మాత్ర ఇచ్చిన డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, మజ్జిగతో వేసుకున్నానని దాచకుండా చెప్పండి, అది తెలియకపోతే మందు పనిచేయలేదనుకుని ఇంకా పెద్ద యాంటీబయాటిక్ రాసేస్తారు.

ప్రశ్న: గ్రీన్ టీ యాంటీబయాటిక్ శక్తిని పెంచుతుందని చదివాను. రోజుకి ఆరు కప్పులు తాగుతున్నాను. క్యాప్సూల్ కూడా కొననా?
– డల్లాస్ నుంచి

జవాబు: వద్దు. గ్రీన్ టీలో ఉండే ఈజీసీజీ అనే పదార్థాన్ని అజ్‌ట్రియోనామ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి, సూడోమోనాస్ అనే చాలా మొండి బ్యాక్టీరియా మీద బ్రిటన్‌లో సర్రే విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగించి 2019లో ప్రచురించారు. గాజుసీసాలోనూ, మైనపు చిమ్మెట పురుగుల్లోనూ మంచి ఫలితం వచ్చింది. మనుషుల్లో కాదు. తాగిన టీలోంచి ఈజీసీజీ రక్తంలోకి వెళ్ళేది చాలా కొంచెం, సరిపోయేంత కావాలని క్యాప్సూళ్ళు మింగితే కాలేయానికి ముప్పు: రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవారిలో కాలేయం ఎంజైములు పెరిగాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. రుచికోసం రెండు కప్పులు తాగండి.

ప్రశ్న: మాది పటాన్‌చెరు. కెమికల్ మందులకే బ్యాక్టీరియా అలవాటు పడుతుంది, ప్రకృతి మందులకు ఎప్పటికీ పడదు అని ఒక శిబిరంలో చెప్పారు. నిజమా?

జవాబు: నిజం కాదు. ఇందాకటి బెర్బెరిన్ కథే దీనికి జవాబు: మొక్క పదార్థాన్ని కూడా బ్యాక్టీరియా పంపు బయటికి తోసేస్తోంది కదా. మనిషి సిప్రో తయారుచేసింది నిన్న మొన్న, మొక్కలూ బ్యాక్టీరియా పోట్లాడుకుంటున్నది కోట్ల ఏళ్ళుగా. ఈ పంపులు మొదట ఇలాంటి సహజ పదార్థాల నుంచి కాపాడుకోడానికే వచ్చి ఉంటాయని అనుకునే శాస్త్రవేత్తలు ఉన్నారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. ఏ పదార్థమైనా సరే, చాలీచాలని మోతాదులో చాలాకాలం తగులుతూ ఉంటే, తట్టుకున్న బ్యాక్టీరియానే మిగులుతుంది, అదే పెరుగుతుంది.

ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడం నన్ను కదిలించింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మీ ప్రాంతంలో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే స్థాయి కన్నా అది చాలా ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాత నీళ్ళవి! ఇసకవాగు, నక్కవాగు, మంజీర దారిలో ఆ నీళ్ళలో బతికిన బ్యాక్టీరియాలో ఎలాంటి జీన్లు పోగవుతాయో, అవి ఒకదాని నుంచి ఇంకోదానికి ఎంత సులువుగా పాకుతాయో తలుచుకుంటే, ఏ మొక్క పదార్థమో వచ్చి ఇంత చెత్తను సర్దిపెడుతుందని అనుకోవడం ఆ మొక్కకే అన్యాయం. ఫ్యాక్టరీ గొట్టం దగ్గర యాంటీబయాటిక్ ఇంత మించి ఉండకూడదు అని చట్టంలో అంకె పెట్టి, కొలిచి, ఆ అంకెలు మీ ఊళ్ళో అందరికీ కనిపించేలా పెట్టాలి. ఈ మాట మీరు గ్రామసభల్లో అడగండి, నేను ఇక్కడ రాస్తూనే ఉంటాను.

ప్రశ్న: మేడమ్, నేను ఎంఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. వేపాకు, తులసి సారాలు యాంటీబయాటిక్‌తో కలిపి చూడటం నా ప్రాజెక్టు. కాగితపు డిస్క్ మీద రెండూ కలిపి వేస్తే చుట్టూ ఖాళీ వలయం 18 నుంచి 21 మిల్లీమీటర్లకి పెరిగింది. సినర్జీ, అంటే రెండూ కలిసి ఒకదాని శక్తి ఒకటి పెంచుకుంటున్నాయి, అని రాసేయొచ్చా?
– వరంగల్

జవాబు: రాయకమ్మా. డిస్క్ పద్ధతి తప్పని కాదు, అది మొదటి చూపు మాత్రమే. సారంలోని నూనెల వల్ల మందు ప్లేటులోని అగార్ జెల్లీలో పాకే తీరు మారినా వలయం పెరుగుతుంది. పైగా రెండూ విడివిడిగా బ్యాక్టీరియాని కొంత ఆపుతుంటే, కలిపినప్పుడు వలయం కొంచెం పెరగడం మామూలే.

96 గుంటల ప్లేటు తీసుకుని చెకర్‌బోర్డు వెయ్యి. అడ్డంగా యాంటీబయాటిక్‌ని సగం సగం తగ్గిస్తూ, నిలువుగా సారాన్ని సగం సగం తగ్గిస్తూ. బ్యాక్టీరియా పెరగని అతి తక్కువ మోతాదు, అంటే ఎంఐసీ, ఒంటరిగా ఎంత, జంటగా ఎంత అని చూడు. ఉదాహరణకి సిప్రో ఒంటరిగా 16, జంటలో 4 అనుకో, నిష్పత్తి 0.25. సారం ఒంటరిగా 512, జంటలో 64 అనుకో, 0.125. రెండూ కలిపితే 0.375. ఇది 0.5 లేదా అంతకన్నా తక్కువైతేనే సినర్జీ అంటారు. 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటున్నాయని అర్థం. మధ్యలో వస్తే సినర్జీ లేదనే రాయాలి, అలా రాయడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఎంఐసీ పరీక్షలో ఒక మెట్టు అటూ ఇటూ రావడం సహజం కాబట్టే, 16 కాస్తా 8 అయినంత మాత్రాన నమ్మరు.

సారాన్ని ఏ ద్రావకంలో కరిగించావో అది ఒక్కటే వేసిన గుంట తప్పకుండా ఉండాలి. డీఎంఎస్‌ఓ లాంటి ద్రావకం ఎక్కువైతే అదే బ్యాక్టీరియాని ఆపుతుంది, ఆ ఘనత తులసికి పోతుంది. ఆకు సారం పచ్చగా ఉంటుంది కాబట్టి మసకను కంటితో చూసి మోసపోతావు, బతికున్న బ్యాక్టీరియా ఉంటే రంగు మారే రెసజూరిన్ వేసి చూడు, లేదా గుంటలోంచి కొంచెం తీసి ప్లేటు మీద పూసి మర్నాడు లెక్కపెట్టు. పసుపు కలపాలనిపిస్తే ఒక హెచ్చరిక. కర్క్యుమిన్ తనే వెలుగుతుంది, కనపడ్డ ప్రోటీనుకల్లా అతుక్కుంటుంది, నిలకడగా ఉండక విరిగిపోతుంది. అందుకే అది చాలా ప్రయోగాల్లో ఉత్తుత్తి ఫలితాలు ఇస్తుందని ఔషధ రసాయన శాస్త్రవేత్తలు 2017లో వివరంగా రాశారు.

వేపాకు అని మాత్రమే రాయకు. ఏ చెట్టు, ఏ నెలలో కోశావు, లేతాకా ముదురాకా, నీడలో ఎండబెట్టావా ఎండలోనా అన్నీ నోట్‌బుక్‌లో రాసిపెట్టు, ఎందుకంటే ఎండాకాలం ఆకులో ఉన్నది వానాకాలం ఆకులో అదే పాళ్ళలో ఉండదు, వచ్చే ఏడాది నీ జూనియర్ చేస్తే ఇదే ఫలితం రావాలి కదా. బ్యాక్టీరియాలో ఏ స్ట్రెయిన్ (ఉపరకం) వాడావో దాని నంబరు కూడా. ఒక్కో ప్లేటు మూడుసార్లు, వేరువేరు రోజుల్లో వెయ్యి. మూడు ప్లేట్ల అంకెలూ నాకు రాసి పంపు, సినర్జీ రాకపోయినా సరే పంపు, కలిసి చూద్దాం.